డేటా నిల్వకు టోకెన్ పూచీ

వికేంద్రీకృత డేటా నిల్వ అంటే ఒకే కంపెనీ సర్వర్లలో కాకుండా, ఒకరికొకరు తెలియని అనేకమంది తమ హార్డ్ డిస్కుల్లో ఇతరుల ఫైళ్లను కిరాయికి దాచిపెట్టే ఏర్పాటు. ఫైల్‌కాయిన్, సియా, స్టోర్జ్, ఆర్వీవ్ ఈ తరహా నెట్‌వర్కుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు. ప్రతిదానికీ సొంత క్రిప్టో టోకెన్ ఉంది. చాలామంది ఆ టోకెన్‌ను కిరాయి చెల్లించే నాణెంగానో, ధర పెరుగుతుందని కొనిపెట్టుకునే సరుకుగానో చూస్తారు. ఆ రెండు పనులూ అది చేస్తుంది. నెట్‌వర్క్ నిలబడేది మాత్రం మూడో పని వల్ల. ముక్కూ మొహం తెలియని మనిషి మన ఫైలును నిజంగా దాచాడా, రేపు అడిగితే ఇస్తాడా అన్న అనుమానానికి టోకెన్ పూచీగా నిలుస్తుంది. మాట తప్పితే పోగొట్టుకోవాల్సిన సొమ్మును ముందే అతని చేతిలోంచి తీసి తాళం వేసి ఉంచుతుంది. ఈ పూచీ గట్టిగా ఉన్న చోట టోకెన్‌కు అర్థముంది. అది లేని చోట టోకెన్ ఉన్నా లేకపోయినా నిల్వకు ఒరిగేదేమీ లేదు.

కడప జిల్లాలో, పులివెందుల నియోజకవర్గంలోని వేంపల్లె వంటి మండల కేంద్రానికి దీంతో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. రైతు బ్యాంకు అప్పుకు వెళ్లినా, అన్నదమ్ములు భాగాలు పంచుకున్నా, పొలం అమ్ముకున్నా అడంగల్, 1-బి అనే భూరికార్డులు లేకుండా అడుగు పడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వివరాలు వెబ్‌ల్యాండ్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఉంటాయి. 2015లో వచ్చిన మీభూమి పోర్టల్ ద్వారా ఎవరైనా వాటిని చూసుకోవచ్చు. కానీ ఆ కంప్యూటర్ వివరాలకు ఆధారమైన పాత కాగితాలు, విచారణ ఫైళ్లు, సంతకాలున్న ఉత్తర్వులు ఇప్పటికీ చాలావరకు ఆఫీసు బీరువాల్లోనే ఉన్నాయి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. కారణాల విచారణ వేరే సంగతి. నిల్వ గురించి ఆలోచించేవారికి అందులో కనిపించేది ఒక్కటే: ఒకే గదిలో, ఒకే ప్రతిగా ఉన్న రికార్డుకు ఆయుష్షు ఆ గది ఎంత భద్రంగా ఉంటే అంతే.

ప్రతులు ఎక్కువగా ఉంటే రికార్డు బతుకుతుందన్నది కడప సీమకు కొత్త పాఠం కాదు. 1820లో కడపకు కలెక్టర్ సహాయకుడిగా వచ్చిన సి.పి. బ్రౌన్, తర్వాతి ఏళ్లలో ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఊరూరి నుంచి ఒకే కావ్యానికి చెందిన వేర్వేరు ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు తయారుచేయించాడు. ఆ జీతాలకు తన జేబు ఖాళీ చేసుకున్నాడు, అప్పులు కూడా చేశాడు. ఆయన పోగుచేసిన రెండు వేలకు పైగా గ్రంథాలు తర్వాత మద్రాసు చేరాయి. ఆయన పేర కడపలో ఉన్న భాషా పరిశోధన కేంద్రం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఈ చరిత్రలో నిల్వకు సంబంధించిన రెండు ఖర్చులు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి రాసేవాడికి కూలి. రెండోది, రాసింది సరిగా రాశాడో లేదో చూసే తనిఖీ. బ్రౌన్ వద్ద రెండూ ఒకే మనిషి భుజాల మీద ఉన్నాయి. ఆ మనిషి బదిలీ అయినా, ఆయన డబ్బు అయిపోయినా పని ఆగుతుంది. కూలిని, తనిఖీని ఏ ఒక్కరి మీదా ఆధారపడకుండా నడిపించాలన్న ప్రయత్నమే టోకెన్ నెట్‌వర్క్.

ఈ నమూనాల్లో బయటి పరిశీలనకు తెరిచి ఉన్నవాటిలో ఒకటి ఫైల్‌కాయిన్. దీని వెనుక ప్రోటోకాల్ ల్యాబ్స్ అనే సంస్థ ఉంది. హువాన్ బెనెట్ దాన్ని 2014లో స్థాపించాడు. ఫైలును అది ఉన్న చోటును బట్టి కాక, అందులోని సారాన్ని బట్టి పిలిచే ఐపీఎఫ్‌ఎస్ పద్ధతి 2015లో ముందు వచ్చింది. దానికి డబ్బు పొరగా ఫైల్‌కాయిన్‌ను ఊహించి, 2017లో టోకెన్ అమ్మకం ద్వారా సుమారు 25 కోట్ల డాలర్లు సేకరించారు. నెట్‌వర్క్ మాత్రం 2020 అక్టోబర్ 15న గానీ మొదలు కాలేదు. మొత్తం టోకెన్ల సంఖ్యకు 200 కోట్ల గరిష్ఠ పరిమితి ఉంది. అందులో 70 శాతం నిల్వ చేసేవారికి ప్రతిఫలంగా ఏళ్ల తరబడి విడుదలయ్యేలా కేటాయించారు. మిగిలినది సంస్థకు, పెట్టుబడిదారులకు, ఫౌండేషన్‌కు పంచారు.

పని జరిగే తీరును ఒక ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. వేంపల్లె మండలపు పాత రెవెన్యూ పుటలను స్కాన్ చేశారనుకుందాం. పుటకు ఒక మెగాబైటు వేసుకుంటే, ఫైల్‌కాయిన్‌లో సెక్టారు అనే 32 గిగాబైట్ల నిల్వ భాగంలో ముప్పై వేలకు పైగా పుటలు పడతాయి. ముందుగా ఆ కట్టకు గణితపరంగా ఒక గుర్తింపు సంఖ్య తయారవుతుంది. లోపల ఒక్క సర్వే నంబరులో ఒక్క అంకె మార్చినా ఈ గుర్తింపు మొత్తం మారిపోతుంది. తర్వాత నిల్వదారుడు ఆ కట్టను తనకు మాత్రమే చెందిన రూపంలోకి మార్చి సీలు చేయాలి. ఇందులో ఒకదానిపై ఒకటి ఆధారపడే 11 అంచెల లెక్కలుంటాయి. ఒక అంచె పూర్తయితే గానీ తర్వాతిది మొదలుపెట్టలేరు, అందుకే గంటల సమయం పడుతుంది. ఈ ఆలస్యం కావాలని పెట్టిందే. మూడు ప్రతులు దాచానని చెప్పి ఒకే ప్రతి పెట్టుకున్నవాడు, తనిఖీ వేళకు మిగతా రెండింటినీ అప్పటికప్పుడు పుట్టించలేడు.

ఆ తర్వాత రోజువారీ తనిఖీ మొదలవుతుంది. ఇరవై నాలుగు గంటలను అరగంట చొప్పున 48 భాగాలు చేసి, ప్రతి సెక్టారుకు ఒక భాగం కేటాయిస్తారు. ఆ అరగంటలో నెట్‌వర్క్ అడిగిన యాదృచ్ఛిక ప్రశ్నకు డిస్కులో ఉన్న డేటాతోనే జవాబు తయారుచేసి, చిన్న గణిత నిరూపణగా నెట్‌వర్క్ ఉమ్మడి ఖాతాపుస్తకమైన బ్లాక్‌చెయిన్‌కు పంపాలి. ప్రశ్న ముందుగా తెలియదు. డేటా లేకుండా జవాబు రాదు. నిరూపణ అందకపోతే ఆ సెక్టారు దెబ్బతిన్నట్టు నమోదై, నిల్వదారుడికి రావాల్సిన ప్రతిఫలం లెక్కలోంచి అది తొలగిపోతుంది. కోలుకోకపోతే జరిమానా పడుతూ ఉంటుంది. వారాల తరబడి అలాగే ఉంటే సెక్టారు రద్దయి, కట్టిన టోకెన్లలోంచి భారీగా కోత పడుతుంది. తనిఖీ అధికారి అంటూ ఎవరూ రారు, కోర్టు నోటీసూ ఉండదు. సొమ్ము ముందే లోపల ఉంది కాబట్టే ఇదంతా సాధ్యం.

టెండరులో పని దక్కించుకునే కాంట్రాక్టరు ముందుగా కట్టే ధరావతుతో దీన్ని పోల్చవచ్చు. ఒక్క తేడా గమనించాలి. ధరావతును జప్తు చేయాలా వద్దా అన్నది ఇంజనీరు నిర్ణయం. ఫైల్‌కాయిన్‌లో అది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడదు, నిరూపణ వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద తేలిపోతుంది. చలామణిలో ఉన్న టోకెన్లలో దాదాపు 30 శాతం పూచీగా బిగిసి ఉండాలన్నది ఈ లెక్కల వెనుక పెట్టుకున్న లక్ష్యం. సంపాదించిన ప్రతిఫలం కూడా అంతా వెంటనే చేతికి రాదు. దానిలో ముప్పావు వంతు 180 రోజుల పాటు కొద్దికొద్దిగా విడుదలవుతుంది. అంటే నిన్నటి సంపాదన రేపటి నడతకు హామీగా ఉండిపోతుంది.

పూచీకి ఎంత బరువుందో నెట్‌వర్క్ మొదలైన రోజుల్లోనే తెలిసిపోయింది. 2020 అక్టోబరులో యంత్రాలు, డిస్కులు సిద్ధంగా ఉన్న పెద్ద నిల్వదారులు చాలామంది, ముఖ్యంగా చైనాలోని వారు, కొత్త సెక్టార్లు సీలు చేయడం ఆపేశారు. కరెంటూ ఉంది, డిస్కులూ ఉన్నాయి. లేనిది తాకట్టు పెట్టడానికి టోకెన్లే. ప్రతిఫలమంతా ఆరు నెలల మీద విడుదలయ్యే నిబంధన అప్పుడుండేది. దాంతో నిల్వ పెంచాలంటే బజారులో టోకెన్లు కొనక తప్పని పరిస్థితి వచ్చింది. నిల్వదారులను మైనర్లనీ పిలుస్తారు కాబట్టి దీన్ని మైనర్ల సమ్మె అని కూడా అన్నారు. కొద్ది రోజులకే నిబంధన సవరించి, ప్రతిఫలంలో పావు వంతు వెంటనే చేతికందేలా చేశారు. టోకెన్ కేవలం కిరాయి నాణెమే అయితే ఈ సంక్షోభం వచ్చేది కాదు. కిరాయి అందని చోట పని ఆగుతుంది. ఇక్కడ పూచీ దొరక్క పని ఆగింది.

మిగతా నెట్‌వర్కులు వేరే దారుల్లో వెళ్లి కూడా ఇక్కడికే చేరాయి. 2015లో మొదలైన సియాలో ఫైలు పెట్టేవాడు, దాచేవాడు ఒప్పందం రాసుకునేటప్పుడే దాచేవాడు తన వంతు సియాకాయిన్లను పూచీగా అందులో వేస్తాడు. స్టోర్జ్‌ది ఇంకా ఆసక్తికరమైన సంగతి. అక్కడ వాడకందారుడికి ధర డాలర్లలోనే చెబుతారు, టోకెన్ ప్రధానంగా నిల్వదారులకు చెల్లింపు చేరవేసే వాహనం. ఫైలును ముక్కలు చేసి అదనపు ముక్కలతో కలిపి వేర్వేరు చోట్ల పంచుతారు. వాటిలో నిర్ణీత సంఖ్యలో ఏ ముక్కలు దొరికినా ఫైలు తిరిగి వస్తుంది. ముందస్తు టోకెన్ పూచీ అక్కడ లేదు. అయినా కొత్తగా చేరినవారి సంపాదనలో మొదటి మూడు నెలలు 75 శాతం, తర్వాతి మూడు నెలలు 50 శాతం, ఆపై మూడు నెలలు 25 శాతం ఆపి ఉంచుతారు. నోటీసు లేకుండా మాయమైతే ఆ సొమ్ము పోతుంది. ముందు కట్టించినా, కూలిలోంచి ఆపినా, మోసం చేసేవాడికి పోగొట్టుకునేది ఏదో ఒకటి ఉండాలన్న అవసరాన్ని ఏ నెట్‌వర్కూ తప్పించుకోలేకపోయింది. 2018లో వచ్చిన ఆర్వీవ్ ఒకేసారి డబ్బు తీసుకుని శాశ్వతంగా దాచుతామంటుంది. నిల్వ ఖర్చు ఏటా తగ్గుతూ పోతుందన్న అంచనాతో ఆ డబ్బును నిధిలా ఉంచి కొంచెం కొంచెంగా ఖర్చు చేస్తుంది. అంచనా తప్పితే శాశ్వతత్వం ఎవరి మీద పడుతుందన్నదానికి అక్కడ గట్టి జవాబు లేదు. అందుకే భూరికార్డుల వంటి వాటికి దాన్ని ఏకైక ఆధారంగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఈ వాదనకు ఎదురుగా నిలిచే బలమైన సాక్ష్యం కూడా ఉంది. పూచీ డేటా ఉందని నిరూపిస్తుందే తప్ప, ఆ డేటా ఎవరికైనా కావాలా అన్నది నిరూపించదు. ప్రతిఫలం ఆశకు ఫైల్‌కాయిన్ సామర్థ్యం 2022 నాటికి 15 ఎక్సాబైట్లు దాటింది. అందులో నిజమైన వాడకందారుల ఫైళ్లు చిన్న భాగమే, మిగతాదంతా ఖాళీని నింపిన అర్థంలేని అంకెలు. దీన్ని సరిదిద్దడానికి పరిశీలకులు ధ్రువీకరించిన డేటాకు పది రెట్లు బరువు ఇచ్చే ఏర్పాటు తెచ్చారు. అయితే ఏ డేటా నిజమైనదో చెప్పడానికి మళ్లీ మనుషులు కావలసి వచ్చారు. వారిని మోసగించే ప్రయత్నాలూ మొదలయ్యాయి. చియా అనే మరో నెట్‌వర్క్ దీనికి ఇంకా నిక్కచ్చి ఉదాహరణ. అక్కడ డిస్కు ఖాళీనే పందెంగా పెట్టారు, ఎవరి ఫైలూ దాచే పని లేదు. 2021 వసంతంలో దాని మోజుకు ఆసియా బజార్లలో హార్డ్ డిస్కులకు కొరత వచ్చి ధరలు పెరిగాయి. టోకెన్ ఉంది, డిస్కులున్నాయి, నిరూపణలున్నాయి. నిల్వ అయినది మాత్రం ఏమీ లేదు. కాబట్టి పూచీ అవసరమే గానీ, దానికి తోడు నిజంగా కిరాయి కట్టే వాడకందారుడు లేకపోతే నెట్‌వర్క్ తనలో తానే తిరిగే యంత్రంగా మిగులుతుంది.

తెలుగు నేల మీద జరిగిన ప్రయత్నం కూడా ఈ తేడాను తేటతెల్లం చేస్తుంది. 2016 డిసెంబరులో విశాఖపట్నంలో ఫిన్‌టెక్ వ్యాలీ మొదలైంది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూరికార్డులకు బ్లాక్‌చెయిన్ వాడతామని ప్రకటించింది. స్వీడన్ కంపెనీ క్రోమావే, హైదరాబాద్ కంపెనీ జెబి డేటా ఈ పనిలో భాగస్వాములయ్యాయి. రాజధాని ప్రాంత భూముల రికార్డులకు రక్షణగా జెబి సాంకేతికతను ముందుకు తెచ్చారు. 2018లో ఆ కంపెనీ జెబి కాయిన్ పేరుతో సొంత టోకెన్ కూడా విడుదల చేసింది. ఇక్కడ గమనించాల్సింది ఏర్పాటు స్వభావం. ఇటువంటి వ్యవస్థల్లో అసలు పత్రాలు ప్రభుత్వ సర్వర్లలోనే ఉంటాయి. బ్లాక్‌చెయిన్ మీదికి వెళ్లేది వాటి గణిత గుర్తింపు మాత్రమే. ఎవరైనా తర్వాత పత్రం దిద్దితే దొరికిపోతారు, అది విలువైన రక్షణే. కానీ పత్రం కాలిపోతే ఆ గుర్తింపులోంచి పత్రాన్ని తిరిగి తేలేం. డేటాను దాచేది ప్రభుత్వమే, అది తెలిసిన సంస్థే, చట్టానికి జవాబుదారీ. కాబట్టి దానికి టోకెన్ పూచీ పెట్టాల్సిన అవసరం లేదు. ఇలాంటి చోట టోకెన్ పెట్టుబడి సేకరణకు పనికొస్తుంది గానీ నిల్వకు మద్దతివ్వదు. దిద్దుబాటును పట్టుకోవడం, ప్రతిని బతికించడం వేర్వేరు పనులన్న ఎరుక ఆనాటి ఉత్సాహంలో కొరవడింది.

పూచీయే ముఖ్యమైతే దాన్ని రూపాయల్లోనే కట్టించవచ్చు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. దేశం లోపల, పేరూ చిరునామా తెలిసిన సంస్థల మధ్య రూపాయి పూచీ, బ్యాంకు గ్యారంటీ ఇంతకంటే మేలు. వేర్వేరు దేశాల్లోని అజ్ఞాత వ్యక్తుల నుంచి వేలాది చిన్న చిన్న పూచీలు తీసుకుని, ప్రతిరోజూ తనిఖీ చేసి, తప్పితే అక్కడికక్కడే కోత వేయడం ఏ బ్యాంకుకూ సాధ్యం కాదు. డాలరుకు కట్టిన స్థిర క్రిప్టో నాణెంతో ఈ పని చేయవచ్చు కదా అంటే, పూచీ వరకు చేయవచ్చు. వాడకందారులు రాకముందే నిల్వదారులను రప్పించే తొలి ప్రతిఫలాన్ని మాత్రం అది పుట్టించలేదు. సొంత టోకెన్‌కు ఉన్న అనుకూలత ఇదే.

దాని లోపం కూడా అక్కడే ఉంది, దీన్ని టోకెన్ సమర్థకులు చాలామంది దాటవేస్తారు. ఫైల్‌కాయిన్ ధర 2021 ఏప్రిల్ మొదట్లో 230 డాలర్లు దాటింది. 2022 చివరికి మూడు డాలర్ల దరిదాపుల్లోకి పడిపోయింది. దాచిన ఫైళ్ల విలువ ఏమీ తగ్గలేదు. వాటికి కాపలాగా పెట్టిన పూచీ మాత్రం కరిగిపోయింది. నెట్‌వర్క్ కష్టాల్లో పడితే టోకెన్ పడుతుంది, టోకెన్ పడితే అందరి పూచీ ఒకేసారి పలచనవుతుంది. కావలి అవసరం ఎక్కువైన రోజునే కావలి బలహీనపడుతుంది. దీనికి పూర్తి పరిష్కారం లేదు. ప్రతులను ఒకే నెట్‌వర్క్‌కు అప్పగించకుండా ఉండటమే ఆచరణలో ఉన్న జాగ్రత్త.

పెద్ద కంపెనీల క్లౌడ్ ఉండగా ఈ తంటాలెందుకన్నది మరో మాట. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాల సముదాయం ప్రారంభించింది. విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. వేగం, సౌకర్యం, ఫిర్యాదు చేసేందుకు ఒక చిరునామా వీటి బలం. రోజూ తెరిచే వెబ్‌ల్యాండ్ వంటి వాటికి అదే తగిన చోటు. వికేంద్రీకృత నిల్వకు తగినది అరుదుగా తెరిచే, ఎన్నటికీ పోగొట్టుకోకూడని పాత ప్రతి. ఖాతా మూతపడినా, బిల్లు వివాదమొచ్చినా, ఒక సంస్థ నిర్ణయం మారినా ఆ ప్రతి వేరే చోట ఉంటుంది. అమెరికాలోని సంస్థలు నరసంహార బాధితుల వాంగ్మూలాలకు, ప్రభుత్వ వెబ్‌సైట్ల భాండాగారాలకు అదనపు ప్రతులుగా ఫైల్‌కాయిన్‌ను వాడింది ఈ ఉద్దేశంతోనే.

గోప్యత ప్రశ్న దీనికంటే జటిలం. రైతు పేరు, తండ్రి పేరు, అప్పు వివరాలు ఎవరి డిస్కులోనో ఉండటం తగదు. ముందే గుప్తీకరించి తాళంచెవిని కార్యాలయంలో ఉంచుకుంటే నిల్వదారుడికి కనిపించేది అర్థంకాని అంకెలే. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తిగత సమాచారాన్ని చెరిపించుకునే హక్కు కూడా ఇచ్చింది. ఫైల్‌కాయిన్ ఒప్పందాలకు గడువుంది, అది తీరితే డేటా వదిలేయవచ్చు. శాశ్వత నిల్వ వాగ్దానం చేసే నెట్‌వర్కుల్లో తాళంచెవిని నాశనం చేయడం తప్ప వేరే మార్గం లేదు. గడువు ఉండటానికి ఇంకో వైపు కూడా ఉంది: గుర్తుపెట్టుకుని పునరుద్ధరించే మనిషి ఒకరు ఎప్పటికీ ఉండాలి. టోకెన్ తనిఖీని యంత్రానికి అప్పగించింది గానీ ఈ శ్రద్ధను అప్పగించలేకపోయింది.

వేంపల్లె మండలంలోనే ఇడుపులపాయ వద్ద రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆర్కే వ్యాలీ ప్రాంగణం ఉంది. పల్లెల నుంచి వచ్చిన వేలాది మంది విద్యార్థులు అక్కడ కంప్యూటర్ చదువులు చదువుతున్నారు. అలాంటి చోటే నిల్వ కేంద్రం పెట్టవచ్చు కదా అన్న ఆలోచన సహజంగా వస్తుంది. లెక్క వేస్తే అంత సులువు కాదు. ఫైల్‌కాయిన్‌లో బ్లాక్‌చెయిన్‌లో కొత్త బ్లాకు చేర్చినందుకు దక్కే ప్రతిఫలానికి పోటీ పడాలంటే కనీసం 10 టెరాబైట్ల నిల్వ నిరూపించాలి. సీలు వేసే పనికి 128 గిగాబైట్ల మెమొరీ, శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రం కావాలి. కేటాయించిన అరగంటలో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే నిరూపణ తప్పుతుంది.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి పన్ను. క్రిప్టో లావాదేవీల సంస్థలకు బ్యాంకు సేవలు ఆపాలని 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వును 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి టోకెన్ కొనడం, అమ్మడం నేరం కాదు. కానీ 2022 ఏప్రిల్ నుంచి ఈ ఆస్తుల బదిలీ లాభంపై 30 శాతం పన్ను, ఆ ఏడాది జూలై నుంచి బదిలీ మొత్తంపై ఒక శాతం మూలంలోనే పన్ను కోత అమల్లోకి వచ్చాయి. ఒక దానిలో వచ్చిన నష్టాన్ని మరో దాని లాభంలో సర్దుకునే వీలు లేదు. యంత్రాలు, కరెంటు ఖర్చులను కూడా ఆ లాభంలోంచి మినహాయించుకోలేరు. పూచీకి టోకెన్లు కొని, నెలల తరబడి కట్టిపెట్టి, ధర పడిన నష్టం తానే భరించి, కాస్త లాభమొస్తే మూడో వంతుకు దగ్గరగా పన్ను కట్టే చిన్న నిల్వదారుడు ఈ లెక్కలో నిలదొక్కుకోవడం కష్టం. సట్టా వ్యాపారాన్ని అదుపు చేయడానికి వేసిన పన్ను, డిస్కులు తిప్పుతూ సేవ అందించేవాడిమీద కూడా అదే బరువుతో పడుతోంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడాల్సిన బాధ్యత చట్టం చేసేవారిది.

అందువల్ల ప్రస్తుతానికి రాయలసీమ మండలాలకు అందుబాటులో ఉన్న స్థానం నిల్వదారుడిది కాదు, వాడకందారుడిది. రూపాయల్లో బిల్లు తీసుకుని టోకెన్ వ్యవహారమంతా తామే చూసుకునే మధ్యవర్తి సేవల ద్వారా ఒక కార్యాలయం తన పాత పుటలను, బ్రౌన్ కేంద్రం వంటి గ్రంథాలయం తన వ్రాతప్రతుల స్కాన్లను గుప్తీకరించి అదనపు ప్రతిగా పెట్టుకోవచ్చు. మొదటి ప్రతి ప్రభుత్వ డేటా కేంద్రంలో, రెండోది వేరే ఊరిలో, మూడోది ఈ నెట్‌వర్క్‌లో. అలా పెట్టేటప్పుడు ఒప్పందంలో రాయించుకోవాల్సినవి మూడు: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, గడువు తీరేలోపు పునరుద్ధరణ ఎవరు చేస్తారు, ఏటా ఒకసారి కొన్ని పుటలను నిజంగా వెనక్కి రప్పించి పోల్చిచూసే పని ఎవరిది.